కొండెక్కే మనిషి జీతం ఏ పద్దులో రాయాలి?

ఊరి ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. బీపీ, షుగరు ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, వాటిని వచ్చే నెలకు జరిపాను. ఏజెన్సీలో హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక ట్రస్టు కోసం ప్రాజెక్టు దరఖాస్తులు చదివి, దేనికి ఇవ్వొచ్చో దేనికి వద్దో రాసిచ్చే పని చేశాను. అడిగేవాళ్ల అవస్థా చూశాను, ఇచ్చేవాళ్ల అనుమానాలూ చూశాను. అందుకని ఈసారి కాస్త నిర్మొహమాటంగానే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది చింతపల్లి వైపు పనిచేసే చిన్న సంస్థ. రోడ్డు లేని కొండ గూడేల్లో అక్కడి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టాలని మా ఆలోచన. ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలోంచి సామాజిక పనులకు పెట్టే ఖర్చు) కింద మూడేళ్లు సాయం చేస్తామని ప్రపోజల్ అడిగింది. జీపు, ట్యాబులు, శిక్షణ హాలు అంటే సరేనన్నారు. కార్యకర్తలకు గౌరవ వేతనం అనేసరికి ‘జీతాలకు మా రూల్స్ ఒప్పుకోవు’ అన్నారు. వాళ్లను వలంటీర్లుగా చూపించి నెలకు వెయ్యి రాయమని మా ఆడిటర్ సలహా. బడ్జెట్ కాగితం జతచేశాను. ఏం చేయమంటారు?
— ఒక సంస్థ కార్యదర్శి, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీ బడ్జెట్ కాగితం ముందు పెట్టుకునే రాస్తున్నాను. మొదటి వరసలో జీపు ఉంది, రెండో వరసలో ట్యాబులున్నాయి. కొండెక్కి బిడ్డను తూచి వచ్చే ఆడమనిషి ఎక్కడో చివర, ‘ఇతర ఖర్చులు’కు ఒక వరస పైన ఉంది. పెళ్లి ఖర్చంతా రాసుకుని వంటవాళ్ల కూలి మర్చిపోయినట్టుంది ఈ లెక్క. అయినా నాకు తెలియక అడుగుతాను, రోడ్డే లేని గూడేలకు జీపు ఎలా వెళ్తుందండీ?

ముందు రూల్స్ సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. అందులో 5 శాతానికి మించి పరిపాలన ఖర్చుగా రాసుకోకూడదు. కంపెనీ ఉద్యోగులు చాలామంది ఈ 5 శాతాన్ని చూపించి జీతాలు కుదరవంటారు. కానీ ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు పెట్టింది. ఒక ప్రాజెక్టును అమలు చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. కార్యకర్త తిరగడమే మీ ప్రాజెక్టు కదా! కాబట్టి ఆమెకిచ్చేది ప్రాజెక్టు ఖర్చే. దాన్ని ‘జీతాలు’ అనే తల కింద కాకుండా ‘గూడేల్లో ఆరోగ్య సేవ’ అనే తల కింద, ఏ పనికి ఎంతో విడమరిచి రాయండి. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఉన్నదాన్ని ఉన్నచోట రాయడమే.

ఇక ఆ వెయ్యి రూపాయలు. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26కి రోజుకు 307 రూపాయలు. వెయ్యి అంటే మూడు రోజుల కూలికి కాస్త పైన. ఆ డబ్బుకు నెలంతా తిరగమంటే ఏ మనిషైనా ఎందుకు తిరుగుతుంది? నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు కోతకు వస్తాయి. ఆ రోజుల్లో మీ ‘వలంటీరు’ తోటకే వెళ్తుంది, వెళ్లాలి కూడా. తర్వాత మీరు రిపోర్టులో ‘కార్యకర్తల్లో ఆసక్తి తగ్గింది’ అని రాస్తారు. అలాంటి రిపోర్టులు చదివి చదివి విసుగెత్తిపోయాను. తగ్గింది ఆసక్తి కాదు, ఆమె ఇంట్లో బియ్యం.

నెలకు 6,000 పెట్టండి. ఉపాధి కూలి లెక్కన అది ఇరవై రోజుల కూలికి కొంచెం తక్కువే అవుతుంది, ఎక్కువేం కాదు. ఒక్కో కార్యకర్తకు ఏడాదికి 72,000, పదిమందికి 7 లక్షల 20 వేలు. మీరు జీపుకు రాసింది 9 లక్షలు, డ్రైవరు, డీజిలు మళ్లీ వేరే. జీపు కొట్టేసి ఆ డబ్బు మనుషులకు మార్చండి. వాళ్లకు ఆసరాగా ఒక నర్సమ్మను పెట్టుకోండి. వారానికోసారి గూడెం వచ్చి పక్కన కూర్చుని తప్పులు దిద్దే మనిషి లేకపోతే ఎంత మంచి శిక్షణైనా ఆరు నెలల్లో ఆవిరైపోతుంది. సంత రోజున అందరూ కిందికి దిగుతారు కాబట్టి నెలవారీ మీటింగు ఆ రోజే పెట్టుకోండి, రానూపోనూ ఖర్చు మిగులుతుంది. ట్యాబులు మొదటి ఏడాది వద్దు. సిగ్నల్ లేని చోట అవి బరువు తప్ప మరేమీ కాదు. నోటు పుస్తకం, థర్మామీటరు, బిడ్డను వేలాడదీసి తూచే తూకం, గొడుగు, టార్చిలైటు, కాళ్లకు మంచి చెప్పులు. నవ్వకండి, చెప్పుల పద్దు ఉన్న దరఖాస్తు ఒకటి నా చేతికొచ్చింది. రాసినవాళ్లు నిజంగా నడిచినవాళ్లని దాన్నిబట్టే నమ్మాను.

మందులు మీరు కొనకండి. ఓఆర్ఎస్, జింకు, పారాసిటమాల్, మలేరియా పరీక్ష కిట్లు పీహెచ్‌సీ నుంచే కార్యకర్తకు అందేలా మెడికల్ ఆఫీసరుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు ఆఫీసరు దగ్గర్నుంచి కూడా ఒక లేఖ తీసుకోండి. ఆ రెండు కాగితాలుంటే ఇచ్చేవాళ్ల అనుమానాలు సగం తీరతాయి. ‘ప్రభుత్వం చేయాల్సిన పని మేమెందుకు చేయాలి’ అనేది వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. దానికి జవాబు మీ గూడేల లెక్కలోనే ఉంది. వెయ్యి మందికి ఒక ఆశా అన్నది సాధారణ నియమం. కొండ ప్రాంతాల్లో గూడేనికి ఒకరిని పెట్టుకునే వెసులుబాటు కూడా ఉంది. అయినా పదిహేను ఇళ్ల గూడేలు కొండకొకటిగా విడిపోయి ఉన్నచోట ఒకే ఆశమ్మ నాలుగైదింటిని చూడాల్సి వస్తోంది. మీ గూడేల పేర్లు, ఒక్కోదానికి పీహెచ్‌సీ నుంచి ఎంత నడక, ఏ ఆశా పరిధిలోకి వస్తుంది, ఇవన్నీ ఒక పట్టికగా వేయండి. ఆశమ్మ ఉన్న గూడెంలో పోటీగా మీ మనిషిని పెట్టకండి. ఆమె చేరలేని చోటే పెట్టండి.

ఇలాంటి పనికి ఫలితం ఉంటుందా అని అడిగితే మహారాష్ట్రలోని గడ్చిరోలిని చూపించండి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పింది. మూడో ఏడాదికల్లా నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్లకన్నా 62 శాతం తగ్గాయి. ఆ అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తర్వాత 2011లో కేంద్రం ఆశాల చేత చేయించడం మొదలుపెట్టిన ఇంటివద్ద శిశు సంరక్షణకు మూలం అదే. ఇప్పుడు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల్లోగా ఆరుసార్లు వెళ్లి చూసినందుకు ఆశాకు వచ్చేది 250 రూపాయలు. ఆరింటికీ కలిపి! మైదానంలో పక్క వీధికి వెళ్లొచ్చినా అంతే, మీ దగ్గర వాగు దాటి కొండెక్కినా అంతే.

ఏజెన్సీకి ఇది కొత్తేం కాదు. గిరిజన సంక్షేమ శాఖ కింద పనిచేసిన కమ్యూనిటీ హెల్త్ వర్కర్లకు ఏళ్ల తరబడి నెలకు 400 రూపాయలే ఇచ్చారు. 2019లో గానీ అది 4,000 కాలేదు. ఆ నాలుగొందల రోజుల్లో కూడా బిడ్డను చంకనేసుకుని, రక్తపూత స్లైడ్లు కొంగులో కట్టుకుని పీహెచ్‌సీకి దిగొచ్చిన వాళ్లను చూశాను. వాళ్లు చేశారు కాబట్టి వీళ్లూ చేస్తారులే అనే లెక్క మాత్రం వేయకండి.

మూడేళ్ల తర్వాత ఏమిటన్నది ప్రపోజల్‌లో అందరూ అబద్ధం రాసే చోటు. ‘సమాజమే స్వయంగా కొనసాగిస్తుంది’ అని రాస్తారు. మీరు అలా రాయకండి. ఆశా పోస్టులు ఖాళీ అయినప్పుడు, కొత్తవి మంజూరైనప్పుడు మీ దగ్గర శిక్షణ పొందినవాళ్లు దరఖాస్తు చేసుకునేలా ఇప్పటి నుంచే చదువు, వయసు చూసి ఎంపిక చేసుకోండి. ఆశాకు 25 నుంచి 45 ఏళ్ల వయసు, అదే ఊరి కోడలో ఆడపడుచో అయి ఉండటం చూస్తారు. చదువు నిబంధన గూడేల్లో చాలామందికి అడ్డు. మీ శిక్షణతోపాటు ఓపెన్ స్కూలు పదో తరగతి ఫీజు కూడా బడ్జెట్‌లో పెట్టండి. ఖర్చు చిన్నదే, మూడేళ్ల తర్వాత ఆమె చేతిలో మిగిలేది మాత్రం ఆ సర్టిఫికెట్టే.

కాగితాల సంగతి టూకీగా: సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నంబరు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించే ఆడిట్ రిపోర్టులు ఉండాలి. స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు కూడా చేసుకోండి. ఇవి లేకుండా ప్రపోజల్ ఎంత బాగా రాసినా ఎవరూ తెరిచి చూడరు.

ప్రశ్న: అమ్మా, నేను ఆశా వర్కర్‌ని. మా ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 వస్తుందని ట్రైనింగులో చెప్పారు. మా ఊళ్లో ఆ డబ్బు ఏమవుతోందో తెలియదు. అడిగితే ‘నీకెందుకమ్మా ఇవన్నీ’ అంటున్నారు. గట్టిగా అడిగితే నా పనికే ఎసరు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— విజయనగరం జిల్లా

జవాబు: నీకెందుకంటే, ఆ కమిటీలో నువ్వూ ఉన్నావు కాబట్టి తల్లీ. జాతీయ ఆరోగ్య మిషన్ కింద రెవెన్యూ గ్రామానికి ఏడాదికి 10,000 దాకా ఇచ్చే ఆ డబ్బును ‘అన్‌టైడ్ ఫండ్’ అంటారు. ఇంత దీనికి, ఇంత దానికి అని పైనుంచి ముడిపెట్టకుండా ఊరి అవసరాన్నిబట్టి కమిటీ ఖర్చుపెట్టుకునే డబ్బు. కమిటీలో కనీసం 15 మంది ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి, నెలకోసారి కూర్చోవాలి. ఖాతా జంట సంతకాలతో నడుస్తుంది. ఒక్కరి సంతకంతో డబ్బు బయటికి రాకూడదు.

దోమలు పెరిగే గుంటలు పూడ్చడానికి, బావిలో క్లోరినేషన్‌కు, ఆసరా లేని గర్భిణిని రాత్రిపూట ఆస్పత్రికి తీసుకెళ్లే బండి కిరాయికి వాడొచ్చు. పంచాయతీకి వేరే నిధులున్న పనికి, ఒకటి రెండు కుటుంబాలకే పనికొచ్చే దానికి వాడకూడదు. నిరుపేదల వైద్య అవసరం మాత్రం మినహాయింపు. 108 రాని చోట ఆ బండి కిరాయిని తన పర్సులోంచి ఇచ్చి ఊరుకున్న ఆశాలు ఎంతమందో! ఆ ఖర్చు ఈ ఫండ్‌లోంచి అడిగే హక్కు కమిటీకి ఉంది.

ఒక్కదానివే వెళ్లి అడగకు. డబ్బు లెక్క కాకుండా మీటింగు అడుగు. ‘ఈ నెల కమిటీ మీటింగు ఎప్పుడు పెడదాం, మినిట్స్ పుస్తకం తెస్తారా’ అని ఏఎన్ఎం సమక్షంలో, డ్వాక్రా సంఘం లీడరును, అంగన్వాడీ టీచరును వెంటబెట్టుకుని అడుగు. మీటింగు జరిగితే పాత తీర్మానాలు చదవాలి, చదివితే లెక్క దానంతటదే బయటికొస్తుంది. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద ఊళ్లో ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు, నువ్వే పెట్టనక్కర్లేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సింది మూడే ముక్కలు: ఏ సంవత్సరం ఎంత జమ అయింది, దేనికి ఖర్చయింది, వినియోగ పత్రం నకలు. ఆ మూడూ రాస్తే చాలు, కథలు రాయొద్దు.

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్‌లో ఉంటాం. మా ఊరివాళ్లం ఇక్కడ ముప్పై కుటుంబాల దాకా ఉన్నాం. కోవిడ్‌లో మా అమ్మానాన్నల్ని కంటికి రెప్పలా చూసుకున్న ఆశమ్మలకు నెలనెలా మూడు వేల చొప్పున పంపాలనుకున్నాం. మాలో కొందరు అమెరికా సిటిజన్లు. ఊళ్లో మా బంధువుల యూత్ అసోసియేషన్ ఖాతాకు పంపితే సరిపోతుందా?

జవాబు: మీ మనసు మంచిదే గానీ ఆ ఖాతాకు పంపకండి బాబూ, పాపం ఆ కుర్రాళ్లు ఇరుక్కుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. మీరంతా కలిసి అక్కడ రిజిస్టర్ చేసుకున్న అసోసియేషన్ నుంచి పంపినా అంతే. అలాంటి డబ్బును విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు. ‘వాళ్లకు పంపండి, వాళ్లు మాకిస్తారు’ అనే పాత పద్ధతి చెల్లదు. అందుకని రెండు జట్లుగా విడిపోండి. సిటిజన్లు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న, మీ జిల్లాలో నిజంగా పనిచేస్తున్న సంస్థను వెతుక్కోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు కాపీ జతచేసి విడిగా ఇవ్వండి.

ఇంకో మాట. ఒక ఊరి ఆశాకే నెలనెలా డబ్బిస్తే పక్క ఊరి ఆశా మొహం ఎలా చూస్తారు? పైగా రేపు మీ నాన్నగారికి బీపీ చూడటం ఆలస్యమైతే, ‘డబ్బిస్తున్నాం కదా’ అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. ఆమె ఊరందరి మనిషిగా ఉండటమే మంచిది. మీ మండలంలోని పీహెచ్‌సీలో గానీ ఏరియా ఆస్పత్రిలో గానీ ఆశాలు రాత్రిపూట పడుకోవడానికి గది ఉందేమో కనుక్కోండి. కాన్పుకు తోడొచ్చి వరండాలో దుప్పటి పరుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తలుపుకు గొళ్లెం, బాత్రూమ్, నాలుగు మంచాలు ఉన్న గదిని భారత పాస్‌పోర్టు జట్టు ఆస్పత్రి అభివృద్ధి కమిటీ ద్వారా కట్టించొచ్చు. అది మండలంలోని ఆశాలందరికీ పనికొస్తుంది.

ప్రశ్న: మాది మణుగూరు దగ్గర బొగ్గు గనుల ప్రాంతం. దుమ్ముకు దగ్గు జబ్బులు ఎక్కువ. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తల్ని పెంచడానికి ప్రభుత్వం దగ్గర వేరే నిధులేమైనా ఉంటాయా?
— భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: ఉన్నాయి. గనులున్న జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి ముఖ్య అవసరాలకు పెట్టాలన్నది మొదటి నియమం. 2024 మార్గదర్శకాల్లో దాన్ని 70 శాతం చేశారు. వైద్యం అనగానే భవనం కట్టేసి తాళం వేయడం మన అలవాటు. కానీ కట్టడాలే కాదు, సిబ్బంది, పరికరాలు, మందులు కూడా చూడాలని ఆ నిధి నియమాల్లోనే ఉంది. మీ గ్రామసభలో ‘మాకు హాలు వద్దు, ఇద్దరు కార్యకర్తలు, ఊపిరితిత్తుల పరీక్షకు నెలకోసారి డాక్టరు కావాలి’ అని తీర్మానం చేసి కలెక్టరేట్‌లో ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.

ప్రశ్న: ఆశా వర్కర్లకు కేంద్రం లక్ష రూపాయల గ్రాంటు ఇస్తోందని వాట్సాప్‌లో లింకు వచ్చింది. ఫారం నింపి 499 కట్టమంటున్నారు. మా పీహెచ్‌సీలో ఇద్దరు కట్టేశారు కూడా. నిజమేనా?
— ఒక ఆశా, నల్గొండ జిల్లా

జవాబు: కాదు. సర్కారు డబ్బు ఇవ్వడానికి ముందు మనల్నే డబ్బు కట్టమని ఎప్పుడూ అడగదు. ఆశాకు వ్యక్తిగత గ్రాంటు అనేది లేదు. నిజంగా ఉన్నవి చెబుతాను, వీటి గురించి మాత్రం గట్టిగా అడగండి. నెలవారీ రొటీన్ పనులకు కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకాన్ని 2,000 నుంచి 3,500కు పెంచాలని 2025 మార్చిలో జాతీయ ఆరోగ్య మిషన్ స్టీరింగ్ గ్రూపు నిర్ణయించింది. పదేళ్లు పనిచేసి మానుకునేవాళ్లకు ఇచ్చే 20,000ను 50,000 చేశారు. 2024 మధ్యంతర బడ్జెట్‌లో ఆశాలను, అంగన్వాడీలను ఆయుష్మాన్ భారత్ బీమాలోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాలకు 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వయోపరిమితి ప్రకటించారు. తెలంగాణలో మీరు 18,000 ఫిక్స్‌డ్ కోసం యూనియన్‌తో కలిసి అడుగుతున్నారు కదా, ఆ వినతిపత్రంలో గ్రాట్యుటీని కూడా చేర్చమని చెప్పండి.

ఆ యాభై వేలకు మీరు పదేళ్లు చేసినట్టు రుజువు కావాలి. చేరినప్పటి గ్రామసభ తీర్మానం నకలు, మొదటి ట్రైనింగు సర్టిఫికెట్టు, పాత బ్యాంకు పాస్‌బుక్కులు పారేయకుండా ఒక కవర్లో పెట్టుకోండి. చాలామంది దగ్గర ఇవేవీ ఉండవు. డబ్బు కట్టేసిన ఆ ఇద్దర్నీ ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయమనండి, బ్యాంకుకు వెళ్లి ఖాతా సంగతి కూడా చూసుకోమనండి. ఫారంలో ఆధార్ నంబరు, ఓటీపీ ఇచ్చి ఉంటే ఆ సంగతీ దాచకుండా చెప్పమనండి.